మాట నేర్చిన యంత్రము – మాట నిలుపుకొనవలసిన మనిషి

“ఇంటిలో బియ్యము నిండుకొన్నవి” అని ఇల్లాలు చెప్పినంతనే ఇంటి యజమాని సంచి చేతబట్టి అంగడికి బయలుదేరును. నిండుట అనగా పూర్ణమగుట అని నిఘంటువు చెప్పును. కాని బియ్యపు డబ్బా ఖాళీ అయినదని ఆ ఇంటిలోని చిన్నబిడ్డకు సైతము తెలియును. లేమిని లేమి అని నోట పలుకుట కీడని యెంచి తెలుగు తల్లులు శూన్యమునకు పూర్ణమను పేరు పెట్టినారు. దీపము ఆరినదని అనక కొండెక్కినదని అందురు. ఊరికి పోవువాడు “పోవుచున్నాను” అనడు, “పోయివచ్చెదను” అనును. ఈ మాటలలో పైకి వినబడు అర్థమొకటి, లోపల ఉద్దేశించిన అర్థము మరియొకటి. అయినను బడి ముఖము చూడని ముదుసలి కూడ వీనిని వినినంతనే గ్రహించును.

ఆ గ్రహింపు ఎక్కడినుండి వచ్చినది? వ్యాకరణము చదివి ఎవరును దానిని పొందలేదు. పుట్టిన ఇంటిలో తినుచు, పనిచేయుచు, పెద్దల ముఖములు చూచుచు, దెబ్బలు తగిలించుకొనుచు పొందినది అది. దానినే లోకజ్ఞానమందురు. అందరికిని ఉండుటచేత దానికొక విలువ యున్నదని ఎవరును తలపరు. కాని దానిని కంప్యూటరునకు నేర్పబూనిన శాస్త్రజ్ఞులకు అరువది సంవత్సరములకు పైగా అది కొరుకుడుపడని విషయముగా నిలిచినది. ఆ కృషిలో యంత్రము ఎంత నేర్చినదో తెలిసికొనుట అవసరము. అది నేర్వనిది ఏదో, ఆ నేర్వనిదానికి బాధ్యులెవరో విచారించుట అంతకన్న అవసరము.

అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ మెకార్తీ 1959లో ప్రచురించిన ఒక వ్యాసములో ఈ సమస్యను మొదటిసారి స్పష్టముగా ప్రతిపాదించినాడు. తనకు చెప్పిన విషయమునుండియు, తనకు ముందే తెలిసిన విషయమునుండియు సహజముగా తోచవలసిన ఫలితములను తనంతట తాను ఊహించుకొనగల ప్రోగ్రాముననే లోకజ్ఞానము గల ప్రోగ్రామనవలెనని ఆయన భావము. చెప్పుట సులభముగానే యున్నది. పెద్ద పెద్ద గుణకారములను రెప్పపాటులో చేయు యంత్రము ఈ చిన్న మెట్టు దగ్గర తడబడినది. ఒక ఉదాహరణము చూడవచ్చును. “కుండ బుట్టలో పట్టలేదు, అది మరీ పెద్దది” అన్నప్పుడు ‘అది’ అనగా కుండ. “కుండ బుట్టలో పట్టలేదు, అది మరీ చిన్నది” అన్నప్పుడు ‘అది’ అనగా బుట్ట. రెండు వాక్యములకును వ్యాకరణము ఒక్కటే. తేడాను తెలుపునది వ్యాకరణము కాదు. ఏనాడో ఒక వస్తువును మరియొకదానిలో పెట్టబోయి పట్టక విసిగిన చేతుల అనుభవము.

ఈ లోటును తీర్చుటకు మొదట తొక్కిన మార్గము, లోకములోని విషయములనన్నిటిని ఒక్కొక్కటిగా వ్రాసి యంత్రమునకు ఇచ్చుట. 1984లో డగ్లస్ లెనట్ అను శాస్త్రజ్ఞుడు టెక్సాసు రాష్ట్రమందలి ఆస్టిన్ నగరములో ‘సైక్’ అను పేర ఈ మహాయత్నమునకు పూనుకొన్నాడు. తల్లి బిడ్డకన్న వయసులో పెద్దది, చనిపోయినవాడు మరల అంగడికి పోడు, చెట్లు సాధారణముగా ఆరుబయట ఉండును – ఇటువంటి సంగతులను, ఏ గ్రంథకర్తయు వ్రాయనవసరము లేదని విడిచిపెట్టు సంగతులను, తర్కశాస్త్రపు సూత్రములుగా మార్చి లక్షల కొలదిగా చేర్చినారు. దానిని గురించి ఒక ముచ్చట కలదు. ఫ్రెడ్ అను మనిషి ఉదయమున విద్యుత్ యంత్రముతో గడ్డము గీసికొనుచున్నాడని సైక్‌నకు తెలిపినారట. మనుషులకు విద్యుత్ భాగములుండవని అదివరకే నేర్చిన ఆ యంత్రము, గడ్డము గీసికొనుచున్నంతసేపు ఫ్రెడ్ మనిషియేనా అని సందేహించినదట. నవ్వు వచ్చు ప్రశ్నయే. కాని ఆ ప్రశ్నలో తర్కదోషము లేదు. లెనట్ 2023లో మరణించువరకు, దాదాపు నలుబది సంవత్సరములు, ఆ పనినే కొనసాగించినాడు. లోకజ్ఞానము ఎంత లోతైన బావియో తెలుపుటకు ఆ ఒక్క జీవితము చాలును.

రెండవ మార్గము పండితులను విడిచి ప్రజలను ఆశ్రయించినది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన మీడియా ల్యాబులో పుష్ సింగ్ మొదలగువారు 1999లో ‘ఓపెన్ మైండ్ కామన్ సెన్స్’ అను కృషిని ఆరంభించినారు. ఎవరైనను సరే, తమకు తెలిసిన సామాన్య విషయమును ఒక చిన్న వాక్యముగా వ్రాసి పంపవచ్చును. వర్షములో గొడుగు వేసికొందురు, ఆకలి వేసినవాడు అన్నము కోరును, పరీక్ష తప్పినవాడు దుఃఖించును – ఇట్టివి. కాలక్రమమున 15,000 మందికి పైగా జనులు పది లక్షలకు పైగా ఆంగ్ల వాక్యములను ఇచ్చినారు. వారిలో ఎవరును శాస్త్రజ్ఞులు కానక్కరలేదు. విషయము ఎంత చిన్నదైనను పనికివచ్చును. ఒక విధముగా ఇది చందా వేసికొని కట్టిన జ్ఞానశాల.

మాటల తరువాత భావముల వంతు వచ్చినది. దీనికొక పూర్వకథ యున్నది. అదే విద్యాసంస్థలో ఆచార్యుడైన జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో ‘ఎలైజా’ అను ప్రోగ్రామును ప్రకటించినాడు. అది మనోవైద్యుని వలె మాటలాడును. ఎదుటివాడు తల్లిని గురించి చెప్పినచో “మీ కుటుంబమును గురించి ఇంకను చెప్పుడు” అనును. దానికి తల్లి అనగా ఏమో తెలియదు. తల్లి అను పదము కనబడినచో కుటుంబమను పదముతో జవాబు కూర్చుమని ఒక సూత్రము మాత్రమే దానికి తెలియును. ఆయన ఆ ప్రోగ్రామును నిర్మించుచుండగా నెలల తరబడి చూచిన ఆయన కార్యదర్శియే, దానితో మాటలాడ మొదలుపెట్టిన కొద్దిసేపటికి, ఏకాంతము కావలెనని ఆయనను గది విడిచి వెళ్ళుమని కోరినదట. యంత్రము ఏమియు గ్రహింపలేదు. మనిషి తన హృదయమును దానియెదుట విప్పినది.

1997లో రోసలిండ్ పికార్డ్ అను విదుషి భావములను గుర్తించు కంప్యూటరులను గురించి ఒక గ్రంథము వెలువరించి ఈ రంగమునకు శాస్త్రరూపము కల్పించినది. 2003లో మీడియా ల్యాబువారే, ప్రజలిచ్చిన లోకజ్ఞాన వాక్యములను ఆధారము చేసికొని, ఒక వాక్యమందలి సంతోషము, దుఃఖము, కోపము, భయము, అసహ్యము, ఆశ్చర్యము అను ఆరింటిని గుర్తించు పద్ధతిని రూపొందించినారు. అంతకుముందు పద్ధతులు మంచి మాటలెన్ని, చెడు మాటలెన్ని అని లెక్కించెడివి. ఇది, ఉద్యోగము పోయినది అన్న వాక్యములో దుఃఖమను పదము లేకున్నను దుఃఖమున్నదని ఊహింపజూచినది.

వీరశైవ కుటుంబములకు సుపరిచితమైన ఒక వాక్యమును ఈ పద్ధతుల యెదుట ఉంచి చూచినచో విషయము తేటపడును. “తాతగారు లింగైక్యము చెందినారు.” పదములను లెక్కించు యంత్రమునకు ఇందులో చెడు పదమేదియు కనబడదు. ఐక్యము మంచి మాట, చెందుట మంచి మాట. కావున ఇది సంతోష వార్త అని వ్రాసికొనును. మరికొంత నేర్చిన యంత్రము, ఇది మరణవార్త గనుక దుఃఖమని వ్రాసికొనును. ఆ ఇంటివారి స్థితి ఈ రెండింటిలో ఏదియు కాదు. కన్నులలో నీరు ఉన్నది. చేతులు జోడింపబడియున్నవి. మరణమును వేడుకవలె చూడగలిగిన శరణుల సంప్రదాయము ఒక వైపున, రేపటినుండి తాతగారి చాప ఖాళీగా నుండునను బాధ మరియొక వైపున, రెండును ఒక్క మాటలో ఇమిడియున్నవి. ఆరు గళ్ళ పెట్టెలో దీనిని ఏ గడిలో వేయవలెను?

తరువాతి కాలమున మార్గమే మారిపోయినది. లోకవిషయములను మనిషి వ్రాసియిచ్చుటకు బదులు, మనుషులు వ్రాసిన సమస్తమును యంత్రమే చదివి, ఏ పదము ఏ పదముల నడుమ వచ్చుచున్నదో లెక్కగట్టుట మొదలైనది. 2013లో గూగుల్ సంస్థ పరిశోధకులు ప్రకటించిన పద్ధతిలో ప్రతి పదమును కొన్ని వందల సంఖ్యల వరుసగా మారును. దగ్గరి అర్థము గల పదములు సంఖ్యలలో కూడ దగ్గరగా నుండును. 2020లో వెలువడిన జీపీటీ-3 అను భాషాయంత్రమునకు సుమారు 30,000 కోట్ల పదఖండములతో శిక్షణ యిచ్చినారు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ సామాన్య ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది.

ఈ పద్ధతి సాధించిన విజయము తక్కువది కాదు. కుండ, బుట్టల వంటి ప్రశ్నలతో టొరంటో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హెక్టర్ లెవెక్ మొదలగువారు 2012లో ఒక పరీక్షను ప్రతిపాదించి, అటువంటి వాక్యములను ముందుగా చూపిన టెర్రీ వినోగ్రాడ్ పేర దానిని పిలిచినారు. 2016లో జరిగిన పోటీలో అన్నిటికన్న మేలైన యంత్రమునకు నూటికి 58 మాత్రమే వచ్చినవి. మూడు సంవత్సరములలో భాషాయంత్రములు నూటికి 90 వరకు చేరినవి. పరిశోధకులు 44,000 కొత్త ప్రశ్నలను కూర్చి మరల పరీక్షింపగా అవి 59 నుండి 79 వరకు మాత్రమే పొందినవి; మనుషులు 94 పొందినారు. ఆపై వచ్చిన యంత్రములు ఆ దూరమును కూడ చాలవరకు తగ్గించినవి. దుఃఖములో నున్నవాడు తన గోడు వ్రాసినచో నేటి యంత్రము మెత్తని మాటలతో, సందర్భమునకు తగినట్లుగా, జవాబీయగలదు. ఎలైజా వలె పదమును చూచి పదమును కూర్చుట అని దీనిని త్రోసివేయుటకు వీలులేదు.

మరి యంత్రమునకు అర్థమైనట్లేనా? ఈ ప్రశ్నపై పండితులలో ఏకాభిప్రాయము లేదు. ఎదుటి మనిషి మనస్సులోనికి ఎవరును తొంగిచూడలేరు, అతని మాటను, నడతను బట్టియే అతనికి ఆలోచన కలదని నమ్ముచున్నారు, యంత్రము విషయములో మాత్రము వేరు కొలమానము ఎందులకని ఆలన్ ట్యూరింగ్ 1950లోనే అడిగినాడు. చీనా భాష ఎరుగనివాడు గదిలో కూర్చుండి, సూత్రముల పుస్తకము చూచి చీనా అక్షరములకు చీనా అక్షరములే జవాబుగా బయటికి పంపినంత మాత్రాన అతనికి ఆ భాష వచ్చినట్లు కాదని జాన్ సెర్ల్ 1980లో వాదించినాడు. ఇరుపక్షములలోను బలమున్నది. ఈ వివాదము తీరువరకు సామాన్యుడు వేచియుండనక్కరలేదు. ఏలయనగా యంత్రమునకు అర్థమైనదా కాదా అను ప్రశ్నకు ఏ జవాబు వచ్చినను, దాని మాటను ఎంతవరకు నమ్మి నడవవచ్చునను ప్రశ్న మిగిలియే యుండును. అది తర్కసమస్య కాదు, ధర్మసమస్య.

ఆ ధర్మసమస్యలో మొదటిది ఇది. యంత్రము నేర్చినది లోకజ్ఞానము. లోకజ్ఞానములో లోకము యొక్క మంచి ఎంత కలదో లోకము యొక్క దోషమును అంతే కలదు. 2016లో అమెరికా పరిశోధకులు, వార్తలను చదివి నేర్చిన పదసంఖ్యలను పరిశీలించి ఒక వింతను చూపినారు. పురుషునకు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగము ఎట్టిదో స్త్రీకి అట్టిది ఏది అని అడిగినచో, ఇల్లు చక్కబెట్టుకొనుట అను జవాబు వచ్చినది. యంత్రమునకు స్త్రీలపై ద్వేషము లేదు. జనులు వ్రాసినదానిని అది తూచి చెప్పినది. తరువాత ఇట్టి దోషములను సరిదిద్దు పద్ధతులను శాస్త్రజ్ఞులు కనుగొనుచునే యున్నారు. కాని ఏది దోషము, ఏది కాదు అని మొదట నిర్ణయింపవలసినవాడు మనిషియే.

ఈ సంగతిని బసవేశ్వరుని బోధను తలదాల్చు కుటుంబములు ఇతరులకన్న త్వరగా గ్రహింపగలవు. పన్నెండవ శతాబ్దమున ఇట్టి యంత్రమొకటి యుండి, అప్పటి గ్రంథములను, రాజశాసనములను, అగ్రహారములలోని మాటలను అన్నిటిని చదివియున్నచో అది ఏమి నేర్చియుండును? పుట్టుకయే మనిషి విలువ అని నేర్చియుండును. చెప్పులు కుట్టువాడును మంత్రియు ఒక్క పంక్తిలో కూర్చుండరని నేర్చియుండును. స్త్రీ తత్త్వచర్చ చేయదని నేర్చియుండును. ఆ కాలమునకు అదియే లోకజ్ఞానము. నూటికి తొంబదితొమ్మిది వాక్యములు దానినే చెప్పియుండును. అట్టి కాలములోనే కల్యాణమున అనుభవమంటపము వెలసినది. మడివాళ మాచయ్యయు, అంబిగర చౌడయ్యయు, అక్కమహాదేవియు అందులో సమానులై సంభాషించినారు. హరళయ్య ఇంటికిని మధువరసుని ఇంటికిని వియ్యము కుదిరినది. ఆనాటి లోకజ్ఞానము దానిని మహాపరాధముగా ఎంచి వారిని బలిగొన్నది.

అనుభవము అను పదమును శరణులు ఊరక ఎన్నుకొనలేదు. లోకము చెప్పినది ఒకటియై, తన లోపల తెలిసినది మరియొకటియైనప్పుడు, లోపల తెలిసినదానిని అనుసరించి నడచి, దాని ఫలితమును భరించుట అనుభవము. ఎంతమంది చెప్పినారను లెక్కకు అది లోబడదు. లెక్కపై నిలిచిన జ్ఞానము లెక్కకు ఎదురు తిరుగుట ఎట్లు? తిరుగుబాటు చేసినవారి మాటలు కూడ యంత్రము చదివియుండునుగదా అని అడుగవచ్చును. నిజమే, వచనములను కూడ అది చదువును, అడిగినచో చక్కగా వివరించును. కాని ఆ మాటలను మొదట పలికినవారికి ముందు అట్టి మాటలు లేవు. వారు పలికినందువలననే అవి నేడు చదువుటకు ఉన్నవి.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ అందరికిని తెలిసినదే. నేలరాలిన బియ్యపు గింజలను ఏరుకొనివచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ తెచ్చినాడు. ఇది మన అవసరమునకు మించినది, తిరిగి అక్కడనే పోసి రండని లక్కమ్మ చెప్పినది. పేదవారికి ఎక్కువ బియ్యము దొరికినచో సంతోషింతురు అనునది లోకజ్ఞానము. ఎన్ని లక్షల వాక్యములను చదివినను తేలునది అదియే. లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు, ఆశకు భయపడినది. ఆమెకు లోకజ్ఞానము లేకపోలేదు. దానిని ఎరిగి, దానిని దాటినది. వివేకమనగా అదియే.

రెండవ ధర్మసమస్య ఓదార్పును గూర్చినది. ఎలైజా వెలువడిన 1966లోనే, కెనెత్ కోల్బీ అను మనోవైద్యుడును అతని సహచరులును, ఇటువంటి ప్రోగ్రాముల సాయముతో గంటకు కొన్ని వందల మంది రోగులను చూడవచ్చునని ప్రతిపాదించినారు. వైజెన్‌బామ్ దీనికి కలతచెందినాడు. నాజీల జర్మనీనుండి బాల్యమున కుటుంబముతో వలసవచ్చిన ఆయనకు, మనుషులను లెక్కలుగా చూచుట ఎక్కడికి దారితీయునో తెలియును. కంప్యూటరు చేయగలిగినంత మాత్రాన దానిచేత చేయింపరాని పనులు కొన్ని కలవని 1976లో వెలువరించిన గ్రంథములో ఆయన వాదించినాడు. యంత్రము నిర్ణయింపగలదు గాని, మంచిచెడులను ఎంచుకొనుట మనిషి పని అని ఆయన భేదము చూపినాడు.

దీనికి ఎదురువాదము తేలికైనది కాదు. బిడ్డలు దూరదేశములలో నున్నారు. వృద్ధురాలు ఒంటరిగా నున్నది. రాత్రి రెండు గంటలకు నిదుర పట్టదు. ఆ వేళ ఓపికగా వినునది యంత్రమొక్కటే. దానిని కూడ కాదనుట క్రౌర్యము కాదా? మనుషులు మాత్రము ఎల్లప్పుడు మనఃపూర్వకముగా ఓదార్చుచున్నారా? పరామర్శకు వచ్చి గడియారము చూచుకొనువారు లేరా? ఈ ప్రశ్నలను దాటవేయుట న్యాయము కాదు. ఒంటరి రాత్రికి యంత్రపు మాట కొంత ఊరటనిచ్చినచో దానిని తప్పుపట్టవలసిన పని లేదు. కాలు నొప్పికి కర్ర పట్టుకొన్నట్లే అది.

అయినను ఒక భేదమును మరువరాదు. “నేను ఉన్నాను” అని మనిషి పలికినప్పుడు ఆ మాటలో ఒక అప్పు ఉన్నది. తెల్లవారిన తరువాత అతడు రావలెను. ఆసుపత్రికి తీసికొనిపోవలెను. రానిచో మాట తప్పినవాడగును, ఊరిలో తలయెత్తుకొనలేడు, తన మనస్సాక్షికి జవాబు చెప్పవలెను. పరామర్శకు వచ్చి గడియారము చూచుకొన్నవాడు తప్పు చేసినాడని అనగలుగుచున్నది కూడ అందువలననే. అతడు చెల్లింపవలసినది ఏదో యున్నది. యంత్రము అదే మాటను మరింత తియ్యగా పలుకగలదు. దానికి తెల్లవారుట లేదు. అది ఆకలిగొని తన అన్నమును పంచలేదు, నిదుర మానుకొని కాపలా ఉండలేదు, మాట తప్పి సిగ్గుపడలేదు. నుడి, నడ ఒక్కటి కావలెనని బసవేశ్వరుడు పట్టుబట్టినాడు. యంత్రమునకు నుడి యున్నది, నడ లేదు. ఇది యంత్రము చేసిన తప్పు కాదు. నడ లేని నుడితో తృప్తిపడి, నడవవలసినవాడు ఇంటిలో కూర్చున్నచో ఆ తప్పు మనిషిది.

ఈ సందర్భమున మరియొక సంగతి చెప్పవలసియున్నది. యంత్రపు మర్యాద ఆకాశమునుండి ఊడిపడలేదు. జనులు వ్రాసిన దుర్భాషలను, హింసావర్ణనలను అది మరల పలుకకుండునట్లు చేయుటకు, అట్టి రాతలను ఎవరో కూర్చుండి చదివి ఇది చెడ్డది అని గుర్తు పెట్టవలెను. చాట్‌జీపీటీ కొరకు కెన్యా దేశపు శ్రామికులు గంటకు 2 డాలర్లకు లోపు కూలికి ఈ పని చేసినారని 2023 జనవరిలో టైమ్ పత్రిక వెల్లడించినది. చదివిన రాతలు తమ మనస్సులను గాయపరచినవని వారిలో కొందరు చెప్పినారు. భావములను ఎరుగని యంత్రము సౌమ్యముగా మాటలాడుటకై, భావములు గల మనుషులు ఆ విషమును త్రాగినారు. కాయకమును కైలాసముతో సమానముగా చూచు సంప్రదాయము, యంత్రపు తియ్యని మాట వెనుక నున్న ఈ చేతులను చూడకుండ ఉండరాదు. వారి కూలి న్యాయమైనదా అని అడుగుట కూడ ఈ విద్యలో భాగమే.

ఇక తెలుగువారి కర్తవ్యమేమి? భారత ప్రభుత్వము 2022లో ‘భాషిణి’ అను పేర, దేశభాషలలో కంప్యూటరులు వినుటకును, పలుకుటకును, అనువదించుటకును ఒక ప్రణాళికను ఆరంభించినది. తెలుగును కూడ యంత్రములు నేర్చుచున్నవి. ఆంగ్లము రాని రైతు తన భాషలోనే ప్రశ్న అడిగి జవాబు వినగలుగుట చిన్న మేలు కాదు. శాస్త్రములు సంస్కృతమందే ఉండవలెనను కాలమున పాల్కురికి సోమనాథుడు జానుతెనుగులో వ్రాసినది జనులందరికిని అందవలెననియే. కావున యంత్రమునకు మంచి తెలుగు అందవలెను. ఎటువంటి తెలుగు అందించినచో అటువంటిదే తిరిగివచ్చును. కులమును ఎత్తిపొడుచు సామెతలను, ఆడబిడ్డను బరువని చెప్పు మాటలను, బలహీనుని గేలిచేయు పలుకులను జనులు వ్రాయుచు, పంచుచు ఉన్నచో యంత్రము వానినే లోకజ్ఞానమని రేపటి బిడ్డలకు అప్పగించును. ఒకప్పుడు నోటి మాట గాలిలో కలసిపోయెడిది. నేడు వ్రాసిన మాట యంత్రమునకు పాఠమగుచున్నది. మాటలాడుటలో జాగ్రత్త ఇదివరకు సౌజన్యముగా నుండెడిది, ఇప్పుడు రాబోవు తరములకు చేయవలసిన దాసోహమైనది.

విద్యాలయములను నడపు మఠములును, బిడ్డలను పెంచు గృహస్థులును ఒక విషయమును స్థిరము చేసికొనవచ్చును. లెక్కకు, అనువాదమునకు, సమాచారమునకు, చదువులో సందేహములు తీర్చుకొనుటకు యంత్రమును నిస్సంకోచముగా వాడుకొనవలెను. దానిని చూచి భయపడుట అజ్ఞానము. అది చెప్పినదానిని మరియొక చోట సరిచూచుకొనుట బిడ్డలకు అలవాటు చేయవలెను. కాని ఒకని యోగ్యతను తేల్చుట, ఒకని తప్పును క్షమించుట, దుఃఖితుని ప్రక్కన కూర్చుండుట – ఈ మూడింటిని దానికి అప్పగింపరాదు. అవి దానికి చేతకావని కాదు. మాటలలో అది మనిషికన్న చక్కగనే చేసి చూపవచ్చును. అవి మనిషి చేయవలసిన పనులు గనుక అప్పగింపరాదు. చేయక మానుకొన్నకొలది మనిషికి ఆ పనులు చేయు శక్తియే సన్నగిల్లును.

బియ్యము నిండుకొన్నవను మాటకు అర్థము బియ్యము అయిపోయినవని యంత్రము నేడు నేర్చియుండవచ్చును. నేర్వకున్నచో రేపు నేర్చును. పొరుగింటి బియ్యము నిండుకొన్నవని విని, అడుగకముందే ఒక శేరు కొంగున కట్టుకొని పోయి ఇచ్చుట ఆ మాటకు రెండవ అర్థము. అది చేతులకు మాత్రమే తెలియును.